మన బజారుకు రద్దీ రుసుము పనికొస్తుందా? విజయనగరంలో లెక్క తేల్చుకునే పద్ధతి

విజయనగరంలో సాయంత్రం ఆరున్నరకు మూడు లాంతర్ల దగ్గర నుంచి గంటస్తంభం వైపు బయలుదేరితే, ఒక్కోసారి బండి మీద వెళ్లినవారి కంటే నడిచి వెళ్లినవారే ముందు చేరతారు. ఈ ఇబ్బంది గురించి వార్డు సమావేశంలోనో వర్తకుల సంఘంలోనో మాట వచ్చినప్పుడు, లండన్‌లోనూ సింగపూర్‌లోనూ చేసినట్టు రద్దీ వేళల్లో లోపలికి వచ్చే బండ్లకు డబ్బు పెడితే సరిపోతుంది కదా అనేవారు ఒకరిద్దరు తప్పకుండా ఉంటారు. ఆ సలహా మన ఊరికి పనికొస్తుందో లేదో ఏడెనిమిది మంది కలిసి, వారం పది రోజుల్లో, పెద్దగా ఖర్చు లేకుండా తేల్చుకోవడం ఎలాగో ఇక్కడ రాస్తున్నాను. కొందరు డిగ్రీ విద్యార్థులను వెంటబెట్టుకుని ఈ పని నేను రెండుసార్లు చేశాను. మొదటిసారి చేసిన తప్పులను కూడా దాచకుండా చెబుతాను.

ఆశీలు వేరు, రద్దీ రుసుము వేరు

మన ప్రాంతంలో రోడ్డు మీద బండిని ఆపి డబ్బు అడిగితే ఎవరికైనా మొదట గుర్తుకు వచ్చేది ఆశీలు. సంతలో గంప దించినందుకు, స్టాండులో ఆటో నిలిపినందుకు పాటదారు మనిషి వచ్చి చీటీ చింపి చేతిలో పెడతాడు. ఆశీలు పాడుకున్నవారికి ఎన్ని బండ్లు వస్తే అంత రాబడి కాబట్టి బండ్లు తగ్గాలని వారు ఏనాడూ కోరుకోరు. రద్దీ రుసుము లెక్క ఇందుకు తలకిందులుగా ఉంటుంది: రుసుము సంగతి విని కొందరు బండిని ఇంటి దగ్గరే వదిలి రావడం, కొందరు పనిని రద్దీ లేని వేళకు మార్చుకోవడం, కొందరు చుట్టుదారి పట్టడం జరిగితేనే దానిని పెట్టిన ఉద్దేశం నెరవేరినట్టు, అందరూ కిక్కురుమనకుండా చెల్లించి ఎప్పటిలాగే లోపలికి వచ్చేస్తే ఖజానా నిండుతుంది గాని రోడ్డు ఖాళీ కాదు. ఈ తేడాను సమావేశం మొదట్లోనే విడమరచి చెప్పకపోతే, తరువాత ఎన్ని అంకెలు చూపినా "ఇదొక కొత్త ఆశీలు" అన్న మాటే జనం నోట మిగులుతుంది. వసూలును పాటకు ఇవ్వకూడదని నేను పట్టుబట్టడానికి కారణమూ ఇదే.

రుసుము వెనుక ఉన్న ఆలోచనను ఒక చిన్న లెక్కతో చెప్పవచ్చు. ఖాళీగా ఉన్న రోడ్డు మీదికి ఇంకొక బండి వస్తే ఎవరికీ నష్టం లేదు. నిండిన రోడ్డు మీదికి వచ్చిన బండి మాత్రం తన వెనుక ఉన్న ప్రతి ఒక్కరినీ కాస్త ఆపుతుంది. ఆ ఆలస్యం ఒక్కొక్కరికి రెండు సెకన్లే అనుకుందాం. వెనుక 300 బండ్లు ఉంటే అందరికీ కలిపి 600 సెకన్లు, అంటే పది నిమిషాలు. బజారుకు వెళ్లాలా వద్దా అని ఇంటి దగ్గర ఆలోచించుకునే మనిషి తనకు పట్టే సమయాన్ని లెక్క వేసుకుంటాడు గాని, ఇతరులు పోగొట్టుకునే ఆ పది నిమిషాలు అతని లెక్కలోకి రావు. వాటికి ఒక ధర కట్టి అతని ముందు పెట్టడమే రద్దీ రుసుము. 1920లో ఇంగ్లండు ఆర్థికవేత్త ఆర్థర్ పిగూ ఈ వాదనను రెండు రోడ్ల ఉదాహరణతో వివరించారు. దానిని ఆచరణకు దగ్గరగా తెచ్చిన విలియం విక్రీకి 1996లో నోబెల్ పురస్కారం ప్రకటించగా, ఆయన మూడు రోజులకే కన్నుమూశారు.

ఇతర నగరాల నుంచి ఏమి తెచ్చుకోవాలి

ఇతర నగరాల అనుభవాన్ని చదివేటప్పుడు రుసుము ఎంత అన్నదాని కంటే, రుసుము పెట్టాక జనం ఏ పక్కకు జరిగారు అన్నది చూడాలి. సింగపూర్ 1975 జూన్‌లో నగరం నడిబొడ్డున ఒక ప్రాంతానికి హద్దు గీసి, ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర వరకు లోపలికి వచ్చే కార్లు రోజుకు మూడు సింగపూర్ డాలర్ల చీటీ కొని అద్దానికి అంటించుకోవాలని నియమం పెట్టింది. ఆ రెండు గంటల్లో కార్లు బాగా తగ్గాయి గాని, తొమ్మిదిన్నర దాటీ దాటగానే బయట కాచుకున్న కార్లన్నీ ఒక్కసారిగా లోపలికి వచ్చేవి. అందువల్ల రెండు నెలలకే సమయాన్ని పదింబావు వరకు పొడిగించవలసి వచ్చింది. నలుగురు కూర్చున్న కారుకు మినహాయింపు ఉండేది కాబట్టి, బస్సు స్టాపుల్లో నిలబడ్డవారిని ఎక్కించుకుని లెక్క సరిపెట్టుకున్నవారూ ఉన్నారు. 1998లో చీటీల స్థానంలో ఎలక్ట్రానిక్ కమానులు వచ్చాయి. వాటి కింద వసూలయ్యే మొత్తం అరగంటకొకసారి మారుతూ, రోడ్డు మీది వేగాన్ని బట్టి ఏడాదికి నాలుగు పర్యాయాలు సమీక్షకు వచ్చేది.

లండన్ 2003 ఫిబ్రవరి 17న అయిదు పౌండ్లతో మొదలుపెట్టింది. మొదటి ఏడాదిలో హద్దు లోపలికి వచ్చే వాహనాలు 18 శాతం, ఆలస్యం సుమారు 30 శాతం తగ్గాయి. కొన్నేళ్లకు వాహనాల సంఖ్య తక్కువగానే ఉన్నా ఆలస్యం మాత్రం దాదాపు పాత స్థాయికి చేరింది. నీటి పైపులు, గ్యాసు పైపుల కోసం రోడ్లను తవ్వడం, రోడ్డు వెడల్పులో కొంత భాగాన్ని బస్సులకూ పాదచారులకూ కేటాయించడం అందుకు ముఖ్య కారణాలు. పైపుల కోసం తవ్విన గుంతను నెలల తరబడి పూడ్చకుండా వదిలేయడం ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పనక్కర లేదు. లండన్ నుంచి నేర్వవలసిన మరొక సంగతి మినహాయింపుల గురించి: ఫోను ద్వారా పిలిపించుకునే అద్దె కార్లకు మొదట రుసుము లేదు, వాటి సంఖ్య విపరీతంగా పెరిగిన తరువాత 2019లో ఆ మినహాయింపును తీసివేశారు. రుసుము లేని బండి ఏదైతే అదే రోడ్డును నింపుతుందన్న మాట.

స్టాక్‌హోమ్ పద్ధతి నాకు అన్నింటికంటే నచ్చింది. 2006 జనవరి నుంచి జూలై వరకు ప్రయోగంగా వసూలు చేసి, ఆపివేసి, సెప్టెంబరులో ప్రజల ఓటు అడిగారు. రుసుము ఉన్నన్నాళ్లు హద్దు దాటే రాకపోకలు దాదాపు అయిదో వంతు తగ్గడం, ఆపగానే తిరిగి పెరగడం ఊరంతా కళ్లారా చూసింది. ప్రయోగానికి ముందు వ్యతిరేకించిన నగరమే తరువాత ఆమోదించింది, 2007 ఆగస్టు నుంచి అది స్థిరపడింది. ఇందుకు భిన్నంగా, ప్రయోగం లేకుండా ముందే ఓటు అడిగిన ఎడిన్‌బరో 2005లో, మాంచెస్టర్ 2008లో పెద్ద మెజారిటీతో వద్దనిపించుకున్నాయి. న్యూయార్క్‌లో 15 డాలర్లుగా నిర్ణయించిన మొత్తాన్ని 2024 జూన్‌లో ఆపివేసి, చివరకు 9 డాలర్లకు తగ్గించి 2025 జనవరి 5న ప్రారంభించారు. మన దేశంలో ఈ కోవకు దగ్గరగా చెప్పదగినది ఢిల్లీలో ఉంది: 2015లో సుప్రీంకోర్టు ఆదేశంతో, ఢిల్లీలోకి ప్రవేశించే సరకు లారీల మీద మొదట 700, 1300 రూపాయల చొప్పున పర్యావరణ పరిహార రుసుము విధించారు; ఊరిలో పని లేకపోయినా ఊరి గుండా వెళ్లే లారీలను పక్కదారికి మళ్లించడం దాని ఉద్దేశం.

హద్దు, రోజు, మనుషులు

ఇక మన పని. మొదట ఒక హద్దు గీయాలి. విజయనగరంలో నేను తీసుకున్నది కోట, మూడు లాంతర్లు, గంటస్తంభం చుట్టూ ఉన్న బజారు ప్రాంతం. హద్దును కాగితం మీద గీసి ఊరుకోకుండా సాయంత్రం పూట ఒకసారి దాని చుట్టూ నడవాలి, ఎందుకంటే పటంలో కనబడని సందులు, ఒక గుడి వెనుక నుంచో ఒక కల్యాణమండపం పక్క నుంచో మోటారు సైకిలు పట్టేంత దారులు, అప్పుడే కంటపడతాయి. లోపలికి వచ్చే ప్రతి దారిలోనూ ఒక మనిషి ఉండాలి. మనుషులు చాలకపోతే హద్దును చిన్నది చేసుకోవాలి గాని ఏ దారినీ వదిలేయకూడదు.

శ్రీకాకుళంలో ఈ పని చేయదలచినవారికి ఒక మాట. ఏడు రోడ్ల జంక్షన్‌ను మధ్యలో పెట్టుకుంటే పేరుకు తగ్గట్టే ఏడు వైపులా కాపలా కావాలి. అయితే ఒక పక్క నాగావళి ఉంది కాబట్టి ఆ వైపు వంతెనల దగ్గర కూర్చుంటే చాలు, ఏటిని దాటి వచ్చేవారు వేరే దారిలో తప్పించుకోలేరు. ఆదివారాలు అరసవల్లికి వెళ్లే జనం వల్ల లెక్క మారిపోతుంది, ఆ రోజును వేరుగా చూడాలి.

రోజు ఎంపిక దగ్గరే మేము మొదటిసారి దెబ్బతిన్నాం. అందరికీ వీలైన రోజని ఒక శుక్రవారం కూర్చున్నాం. తీరా చూస్తే అది శ్రావణ శుక్రవారం. పూలకీ పసుపు కుంకాలకీ చీరలకీ వచ్చినవారితో బజారు కిటకిటలాడింది, మా కాగితాలన్నీ చించి పారేయవలసి వచ్చింది. శ్రావణ శుక్రవారాలు, ఆషాఢం తగ్గింపు అమ్మకాల రోజులు, సంక్రాంతికి ముందు వారం, గట్టి పెళ్లి ముహూర్తాలు, దసరా తరువాత వచ్చే తొలేళ్లు, సిరిమానోత్సవం ఉన్న వారం, వీటిని వదిలేయండి. సిరిమాను నాడు ఊరిలో నడవడానికే చోటుండదు, దానికి పరిష్కారం రుసుము కాదు, పోలీసు బందోబస్తు. మామూలు నెలలో ఒక బుధవారం, ఒక గురువారం, మళ్లీ వచ్చే వారం అవే రెండు రోజులు తీసుకుంటే సరిపోతుంది. ఉదయం తొమ్మిది నుంచి పదకొండు, సాయంత్రం అయిదున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు కూర్చోవాలి.

బండ్లను లెక్కపెట్టడం

కాగితం మీద గీతలు గీస్తూ లెక్కపెట్టాలని చూస్తే, కళ్లు కాగితం మీదికి పోయిన క్షణంలో నాలుగు మోటారు సైకిళ్లు దాటిపోతాయి. మా బృందంలో ఒక అమ్మాయి ఇంటి నుంచి చింతపిక్కలు తెచ్చింది. పక్కన ఒక స్టీలు డబ్బా పెట్టుకుని, పది మోటారు సైకిళ్లు దాటినప్పుడల్లా ఒడిలోంచి ఒక పిక్క తీసి చూడకుండానే డబ్బాలో వేసేది. పిక్క పడిన చప్పుడే ఆమెకు గుర్తు. పావుగంటకొకసారి డబ్బాను బోర్లించి, లెక్కపెట్టి, కాగితం మీద రాసుకునేది. ఆటోలకు ఇంకొకరు, కార్లు, బస్సులు, సరకు బండ్లకు మరొకరు ఉంటే పొరపాటు బాగా తగ్గుతుంది. ఎవరైనా దుకాణదారు మేడ మీద చోటిస్తే ఫోనుతో వీడియో తీసి, ఇంటికి వెళ్లి వేగం తగ్గించి చూసుకుని సరిపోల్చుకోవచ్చు.

బండ్ల సంఖ్య తెలిస్తే సగం పనే అయినట్టు. ఒక బస్సూ ఒక మోటారు సైకిలూ రోడ్డు మీద ఒకే చోటు తీసుకోవు కదా. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో ప్రచురించిన ఐఆర్‌సీ 106 మార్గదర్శకాలు పట్టణ రోడ్లకు ఒక కొలత ఇచ్చాయి. ఇంజినీర్లు దానిని పీసీయూ అంటారు, మనం కారు కొలత అనుకుందాం. కారును 1గా తీసుకుంటే, రోడ్డు మీది బండ్లలో పది శాతానికి మించి ఉన్నప్పుడు మోటారు సైకిలు 0.75, ఆటో 2.0, అయిదు శాతానికి లోపే ఉన్నప్పుడు చిన్న సరకు బండి 1.4, బస్సు లేదా లారీ 2.2. ఊహకు అందడం కోసం ఒక గంటలో 900 మోటారు సైకిళ్లు, 250 ఆటోలు, 120 కార్లు, 20 చిన్న సరకు బండ్లు, 10 బస్సులు దాటాయనుకుందాం. కారు కొలతలో మోటారు సైకిళ్లు 675, ఆటోలు 500, కార్లు 120, సరకు బండ్లు 28, బస్సులు 22, మొత్తం 1345.

ఈ లెక్కను కాస్త నిలబడి చూడాలి. కార్ల వాటా 1345లో 120, అంటే తొమ్మిది శాతం. లండన్‌లో మోటారు సైకిళ్లకు రుసుము లేదు. ఆ పద్ధతినే ఇక్కడికి తెచ్చి కార్లకు మాత్రమే రుసుము పెట్టి, దానివల్ల కార్లు నాలుగో వంతు తగ్గాయని సంతోషపడినా, తగ్గేది 30. మొత్తం మీద రెండు శాతానికి కాస్త ఎక్కువ. బజారులో ఆ తేడా ఎవరి కంటికీ ఆనదు. మీ అంకెలు వేరుగా రావచ్చు గాని, మన ఉత్తరాంధ్ర పట్టణాల్లో కార్ల రద్దీ కంటే మోటారు సైకిళ్ల, ఆటోల రద్దీయే పెద్దదని చూసినవారెవరికైనా తెలుసు. సింగపూర్, లండన్ పథకాలు కార్ల కోసం కుట్టిన చొక్కాలు. మన ఒంటికి అవి ఎక్కడ బిగుతో ఎక్కడ వదులో కొలవకుండా తొడుక్కోకూడదు. అదే పట్టికలో బస్సుల వరుస కూడా చూడండి: బస్సుకు 40 మంది చొప్పున వేసుకుంటే 22 కొలత చోటులో 400 మంది వచ్చారు, కారుకు ఇద్దరి చొప్పున 120 కొలత చోటులో 240 మంది.

ఎవరు దాటిపోతున్నారు, ఎవరు ఆగుతున్నారు

రెండో కొలత ఇంకా ముఖ్యం. లోపలికి వచ్చిన బండి బజారులో పని ఉండి వచ్చిందా, లేక అవతలి పక్కకు పోవడానికి మన బజారును దారిగా వాడుకుంటున్నదా? ఇందుకు హద్దుకు రెండు చివరల ఇద్దరు చొప్పున నిలబడి, ఒకరు నంబరులోని చివరి నాలుగు అంకెలు చదువుతుంటే ఇంకొకరు సమయంతో సహా రాసుకోవాలి. అన్ని బండ్లవీ రాయడం సాధ్యం కాదు; నలుపు రంగు మోటారు సైకిళ్లు, అన్ని కార్లు అని ముందే ఒప్పందం చేసుకుంటే చాలు. రాత్రి రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి చూస్తే, పది పదిహేను నిమిషాల్లోపే రెండో చివర కనబడిన అంకెలు దాటిపోయిన బండ్లవి, గంట తరువాత కనబడినవి పని చూసుకుని వెళ్లినవారివి. ఇక్కడ ఒక హెచ్చరిక: ఏపీ 35 అని ఉంటే విజయనగరం బండి, ఏపీ 31 అని ఉంటే విశాఖ బండి అనే పాత గుర్తు కొత్త బండ్లకు పనిచేయదు, 2019 నుంచి రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 వరుస వచ్చింది. ఓడీ 10, ఓడీ 18 మాత్రం కోరాపుట్, రాయగడ బండ్లని ఇప్పటికీ చెప్పవచ్చు. సాలూరు, గజపతినగరం మీదుగా 26వ నంబరు జాతీయ రహదారి మీద వచ్చే వాహనాల్లో బజారు దాకా వచ్చేవి ఎన్నో అలా తెలుస్తుంది.

మూడో కొలత నిలిపి ఉన్న బండ్లది. నులక తాడుకు మీటరుకొక ముడి వేసి, ముందు దుకాణాలు తెరవకముందే రోడ్డు వెడల్పు కొలవాలి. సాయంత్రం ఏడు గంటలకు అదే చోట బండ్లు నడవడానికి మిగిలిన వెడల్పు కొలవాలి. పది మీటర్ల రోడ్డుకు రెండు పక్కలా కార్లు ఆగితే అయిదు మీటర్లకు పైగా మిగలదు. ఆ మిగిలిన దానిలోనే ఒక లగేజీ ఆటో వచ్చి బట్టల దుకాణం ముందు ఆగుతుంది. కుర్రవాడు వెనుక తలుపు తెరచి, ఒక మూటను భుజానికెత్తుకుని లోపలికి వెళ్లి, సంతకం కోసం నిలబడి, తిరిగి వచ్చి రెండో మూట తీసేసరికి వెనుక హారన్ల మోత మొదలవుతుంది. ఆ ఆటో ఒక్కటే ఆ పది నిమిషాల రద్దీకి కారణం. రోడ్డు మీది మిగతా వందల బండ్లకు ఎంత రుసుము పెట్టినా దాని మూటలు త్వరగా దిగవు.

నిలిపిన బండ్లను ఉదయం పది నుంచి రాత్రి ఎనిమిది వరకు అరగంటకొకసారి నడుస్తూ నంబర్లు రాసుకుంటే, ఒక్కొక్క బండి ఎంతసేపు కదలకుండా ఉందో తెలుస్తుంది. ఫలితాన్ని చదివే ముందు వర్తక సోదరులు నన్ను మన్నించాలి. పొద్దున్న పెట్టి రాత్రి తీసే బండ్లలో ఎక్కువ భాగం దుకాణం యజమానులవీ అందులో పనిచేసేవారివీనే. గిరాకీకి చోటు లేదని సమావేశంలో గట్టిగా మాట్లాడిన ఒక పెద్దమనిషి కారు తన దుకాణం మెట్ల ముందే రోజంతా ఉన్నట్టు మా కాగితంలో తేలింది. ఆ వరుసను చదవకుండా దాటవేశాం, ఆయనే ముందుకు వంగి చూసుకుని నవ్వేశారు.

చివరగా, హద్దు ఒక చివర నుంచి రెండో చివరకు పట్టే సమయాన్ని పదకొండుసార్లు కొలిచి, చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరుసలో పేర్చి, నడుమ వచ్చిన అంకెనూ అన్నిటికంటే పెద్ద అంకెనూ రాసి పెట్టుకోవాలి. తరువాత ఏ మార్పు చేసినా దీనితోనే పోల్చి చూడాలి.

లెక్క ఏమంటే ఏమి చేయాలి

దాటిపోయే బండ్లు ఎక్కువగా ఉంటే రుసుము కంటే ముందు చుట్టుదారిని సరిచేయాలి: రింగు రోడ్డు మలుపులో కనబడేటట్టు బోర్డు, దీపాలు, గుంతలు లేని తారు. చుట్టుదారి బాగున్నా బజారు గుండానే వస్తుంటే, అప్పుడు ఢిల్లీ తరహాలో దాటిపోయే సరకు వాహనాలకు రుసుమో నిషేధమో ఆలోచించవచ్చు. సరకు దించే బండ్లే కారణమైతే ఉదయం తొమ్మిదికి ముందు, రాత్రి తొమ్మిది తరువాత దించాలని వేళలు పెడితే పని జరుగుతుంది. షేర్ ఆటోలు ఎక్కడ పడితే అక్కడ ఆగడం కారణమైతే మలుపుకు యాభై మీటర్ల అవతల నిలిచే చోటు గుర్తించి, అక్కడే ఆగేటట్టు చూడాలి.

నిలిపిన బండ్లే కారణమని తేలితే, నా అంచనాలో మన బజారుకు ఎక్కువగా తేలేది ఇదే, రోడ్డు అంచు మీద బండి నిలిపే చోటుకు ధర పెట్టడమే మనకు తగిన రద్దీ రుసుము. లోపలికి వచ్చే ప్రతివారినీ ఆపనక్కర లేదు, కెమెరాలు అక్కర లేదు, ఆగిన బండికే చీటీ. అమెరికా ఆచార్యుడు డొనాల్డ్ షూప్ చెప్పిన సూత్రం ఇక్కడ సరిగ్గా సరిపోతుంది: నూటికి 85 చోట్లు నిండి, 15 ఖాళీగా ఉండేటంత ధర పెట్టాలి, అంటే ఏడెనిమిది చోట్లకు ఎప్పుడూ ఒకటి ఖాళీ ఉండాలి. అన్నీ నిండిపోతుంటే ధర తక్కువని అర్థం, సగం ఖాళీగా ఉంటే ఎక్కువని అర్థం. మందుల కోసమో పాల పాకెట్టు కోసమో ఆగినవారికి మొదటి పావుగంట ఉచితంగా ఉంచి, గంట గంటకూ పెంచుకుంటూ పోతే, రోజంతా నిలిపేవారు రెండు వీధుల అవతల ఖాళీ స్థలాన్ని తామే వెదుక్కుంటారు.

ప్రవేశ రుసుమే కావాలని తేలితే

అన్నీ చేశాక కూడా బండ్ల సంఖ్యే ఎక్కువని లెక్క చెబితే, ప్రవేశ రుసుము గురించి ఆలోచించవచ్చు. అప్పుడు మొదట చూడవలసినది బండి మానుకున్న మనిషి ఎలా వస్తాడన్నది. లండన్ రుసుము మొదలైన రోజునే సుమారు 300 బస్సులను అదనంగా నడిపింది. మన జిల్లాలో పల్లె నుంచి ఊరికి రావడానికి ఆర్టీసీ బస్సు ఉంది, 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. కానీ ఊరిలో దిగాక కాంప్లెక్సు నుంచి బజారుకు, కలెక్టరేటుకు తీసుకువెళ్లేది ఎక్కువగా ఆటోయే. ఆ ఆటోకు లోపలికి వచ్చిన ప్రతిసారీ పది రూపాయలు పెడితే, రోజుకు పదిహేనుసార్లు తిరిగే డ్రైవరుకు 150 రూపాయలు పోతాయి, లేదా ఆ భారం ఉచిత బస్సులో వచ్చిన ఆడమనిషి మీదే పడుతుంది. ఆటోలను పూర్తిగా మినహాయిస్తే లండన్ అద్దె కార్ల కథ ఇక్కడ మొదలవుతుంది. మధ్యే మార్గంగా, స్టాక్‌హోమ్ ఒక కారుకు రోజుకు 60 క్రోనర్ల గరిష్ఠ పరిమితి పెట్టినట్టు, ఆటోకు రోజుకు ఒకే చిన్న మొత్తం ఉంచడం మేలు.

వేళల అంచుల్లో రుసుమును ఒక్కసారిగా మొదలుపెట్టి ఒక్కసారిగా ఆపకుండా, మెట్లు మెట్లుగా ఉంచాలి, లేకపోతే సింగపూర్ తొమ్మిదిన్నర గుంపు మన దాసన్నపేట వైపు కూడా తయారవుతుంది. వసూలు పద్ధతి విషయంలో ఫాస్టాగ్ ఉంది కదా అనేవారు ఒకటి గమనించాలి: నాతవలస టోల్ గేటులో కార్లకూ లారీలకూ పనిచేసేది మోటారు సైకిలుకు పనిచేయదు, దానికి ఫాస్టాగే ఉండదు, మన రద్దీలో సగం అదే. వచ్చిన డబ్బుకు వేరే ఖాతా ఉండాలి, ఆ ఖాతా నుంచి ఏ నెలలో ఏ కాలిబాటకు, ఏ బస్సు షెల్టరుకు ఎంత ఖర్చయిందో గంటస్తంభం దగ్గరే బోర్డు మీద రాయాలి.

చట్టం సంగతి

లోపలికి వచ్చినందుకు డబ్బు వసూలు చేయడం కార్పొరేషన్ తీర్మానం ఒక్కదానితో అయ్యే పని కాదు. రాజ్యాంగం 265వ అధికరణం ప్రకారం చట్టం అనుమతి లేకుండా ఏ పన్నునూ విధించరాదు, వసూలు చేయరాదు. రాష్ట్ర జాబితాలోని 57వ అంశం వాహనాల మీద పన్నులను, 59వ అంశం టోల్‌ను శాసనసభ పరిధిలో ఉంచాయి. కాబట్టి ప్రవేశ రుసుమును కోరే వినతిపత్రం ఎమ్మెల్యేకూ రాష్ట్ర ప్రభుత్వానికీ వెళ్లాలి. వేళలు, నిషేధాలు, పార్కింగ్ చోట్లు మాత్రం ఇంత దూరం వెళ్లనక్కర లేదు. 1988 మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ కింద ప్రభుత్వం, లేదా అది అధికారమిచ్చిన అధికారి, ప్రజల భద్రత లేదా సౌకర్యం కోసం ఒక ప్రాంతంలో వాహనాలను పరిమితం చేయవచ్చు; 117వ సెక్షన్ కింద స్థానిక సంస్థను సంప్రదించి బండ్లు నిలిపే చోట్లు నిర్ణయించవచ్చు. 115వ సెక్షన్‌లో మనకు పనికొచ్చే చిన్న వెసులుబాటు ఒకటి ఉంది: ఆంక్ష నెల రోజులకు మించకపోతే గెజెట్ ప్రకటన అవసరం లేదు, స్థానికంగా తగిన ప్రచారం చేస్తే చాలు. ప్రయోగానికి నెల రోజులు సరిపోతాయి.

అందుకని వినతిపత్రంలో ఒక నెల ప్రయోగాన్నే అడగండి: సరకు దించే వేళలు, ఆటోలు నిలిచే చోట్లు, వాటితోపాటు కార్పొరేషన్ ద్వారా అంచు మీద పార్కింగ్ ధర. చింతపిక్కల పట్టికలు, నంబర్ల జాబితాలు, తాడు కొలతలు జతచేసి, అసలు కాగితాలను మీ దగ్గరే ఉంచుకోండి. ప్రయోగం మూడో వారంలో, మొదట్లో కొలిచిన బుధ, గురువారాల్లోనే, అవే చోట్ల అదే మనుషులను కూర్చోబెట్టి మళ్లీ లెక్కించండి. ఈసారి హద్దుకు బయట ఉన్న రెండు మూడు వీధుల్లో కూడా ఒక్కొక్కరిని అదనంగా నిలపండి, ఎందుకంటే బజారులో తగ్గిన బండ్లు అక్కడి ఇళ్ల గుమ్మాల ముందు తేలి ఉండవచ్చు. ప్రయోగం ముగిసిన మరుసటి వారం మూడోసారి కూర్చోండి. ఆంక్షలు తీసివేయగానే రద్దీ తిరిగి వస్తే ఆ మూడు పట్టికలను ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి వార్డు సమావేశానికి పట్టుకెళ్లండి.